నా తమ్ముని లోపలి ఫోటో

అమీర్‌పేట,
14 ఆగస్టు 2025

మా తమ్ముణ్ణి కొంగుకు ముడేసుకొని, ఆ ముడి ఎవ్వలకు కనవడకుండ దోపుకున్న మరదలు ధాత్రికి,

ఆడిబిడ్డ చిలకమ్మ రాసేది. భయపడకు, ఇది కరెంటోళ్ల నోటీసు కాదు. ఫోన్ల నన్ను బ్లాక్ చేస్తివి గద, ఇగ కాగితమే దిక్కు. మా ఆయన, అదే మీ బుచ్చయ్య అన్న, ఆటోకు పంజగుట్ట దిక్కు కిరాయి దొరికిన నాడు నీకు ఉత్తరం అందుతది. దొరకని నాడు నీ అదృష్టం.

అయినా ఒక్కపారి గొంతు మార్చి, "మేడమ్, నేను ఎర్రమంజిల్ ఆఫీసు నుంచి స్వీటీని, మహేశ్ గారు రుమాలు నా కుర్చీల మర్శిపోయిండు" అన్నందుకే బ్లాకా? ఆ ఆఫీసుల ఉన్నోళ్లంత పళ్లూడిన ముసలోళ్లే అని నీకెర్కనే గద. నవ్వాలె గని.

ఇగ అసలు సంగతి. రాఖీ నాడు మా కర్రీ పాయింట్ల పప్పు పొయ్యి మీదనే ఇడిశిపెట్టి, తలకు పోసుకొని, కొత్త చీర కట్టుకొని మీ ఇంటికొస్తిని. నువ్వు సగం తలుపు తీసి "పడుకున్నారండీ, తర్వాత రండి" అంటివి. తలుపు సందుల నుంచి చూసిన. సోఫాల కూసొని టీవీ చూస్తుండు! రాఖీ నీ చేతుల పెట్టి మెట్లు దిగిన. మా అమ్మ పోయినప్పుడు వానికి నాలుగేండ్లు. ఆరో తరగతి బడి బందువెట్టి వానికి బువ్వ వండిన చెయ్యి ఇది. ఆ చెయ్యి మీ గడప దాటొద్దా?

ఇంకొకటి సుత చూసిన. వాని బుగ్గలు! గుమ్మడికాయ లెక్క అయినయి. నేను ఎన్నేండ్లు పెట్టినా సన్నగ ఈనె పుల్ల లెక్క ఉంటుండె. ఏం పెడ్తున్నవ్ మరదలా? మీ గుంటూరు గోంగూరల ఏం కలుపుతున్నవ్? నాకు సుత చెప్పు, హాస్టల్ పోరగాండ్లకు పెడ్త. నిజం చెప్పన్నా? ఆ బుగ్గలు చూసి నాకు కడుపుల మండింది. నా చేతుల లేనిది నీ చేతుల ఏమున్నది?

మండుతున్న పొయ్యి పక్కన మండుతున్న,
చిలకమ్మ

పంజగుట్ట,
18 ఆగస్టు 2025

వదిన గారికి,

నమస్కారం. మీ ఉత్తరం చదివి ముందు కోపం వచ్చింది, తర్వాత నవ్వొచ్చింది, ఆ తర్వాత మళ్లీ కోపమే వచ్చింది. ఆ స్వీటీ గారి ఫోన్ తర్వాత నేను రాత్రంతా ఆయన చొక్కాలు వాసన చూశానండీ. మీకది సరదా. ఫోన్ తీస్తే మీ నోటి ముందు నేను నిలవలేను. కాగితమే నయం.

ఏం పెడుతున్నానని అడిగారు కదా. పొద్దున రాగి జావ. మధ్యాహ్నం ఉడకబెట్టిన చిక్కుడుకాయలు, రెండు పుల్కాలు. ఉప్పు దాదాపు లేదు. ఎందుకంటే ఆయన బీపీ ఎన్ని మాత్రలు మార్చినా దిగడం లేదు, కొత్తగా షుగర్ కూడా వచ్చింది. గోంగూర ఈ ఇంట్లో చూసి చాలా కాలమైంది.

అయినా ముఖం ఉబ్బుతోంది, పొట్ట పెరుగుతోంది. కాళ్లూ చేతులూ మాత్రం సన్నబడుతున్నాయి. ఎందుకో మొన్న తెలిసింది. బండి డిక్కీలో మీ కర్రీ పాయింట్ కవర్లు దొరికాయి. నేను ఉప్పు లేకుండా వండి ఎదురుగా కూర్చుని బతిమాలి తినిపిస్తుంటే, మీరు చాటుగా మటనూ బగారన్నమూ పెట్టి పంపిస్తున్నారన్నమాట! పెళ్లయి ఇన్నేళ్లయినా నా పులుసు నోట్లో పెట్టుకుని "బాగుంది కానీ అక్క చేతిది వేరే" అంటారు. ఆ మాట మింగడం నాకు అలవాటైపోయింది. కానీ ఆయన ప్రాణం మీదకి తెచ్చే తిండి పెట్టకండి. చేతులు జోడించి అడుగుతున్నాను.

రాఖీ రోజు పడుకున్నారని చెప్పమన్నది ఆయనే. ఎందుకన్నారో నాకూ తెలీదు. రాఖీ కట్టుకున్నారు, ఇంకా చేతికే ఉంది.

మీ మరదలు,
ధాత్రి

అమీర్‌పేట,
21 ఆగస్టు 2025

ఉప్పు లేని వంట చేసి ఉత్తరంల మాత్రం మస్తు కారం పోసిన మరదలికి,

నీ ఉత్తరం బుచ్చయ్యతోని రెండుసార్లు చదివిచ్చుకున్న. నాకు చదువ రాక కాదు, నా కండ్లను నేనే నమ్మక.

నేను పెడ్తున్ననా? మృగశిర నాడు చేపల కూర తినిపోయిండు. గంతే! మళ్ల ఈ దిక్కు తొంగి చూడలే. మైత్రీవనం గల్లీల నుంచి బండి మీద పోతుంటె పిలిస్తె సుత "పని ఉందక్కా" అని హెల్మెట్ అద్దం దించుకొని పోయిండు. నువ్వే రానిస్తలేవనుకొని నిన్ను తిట్టని పూట లేదు. పప్పుకు పోపు పెట్టేటప్పుడు ఒకపారి, గిన్నెలు తోమేటప్పుడు ఇంకోపారి. ఆ కవర్లు ఎండాకాలంవి. ఇప్పుడు మా కవర్ల మీద ఫోన్ నంబరు మారింది, కావాలంటే చూసుకో.

ఇగ జర ఆలోచన చెయ్యి మరదలా. నువ్వు పెడ్తలేవు. నేను పెడ్తలేను. ఆ బుగ్గలు ఎవ్వలు పెంచుతున్నరు?

మూడోది ఉన్నది.

నేను నవ్వులాటకు అంటలేను. స్వీటీని నేనే పుట్టిచ్చిన గని, నిజంగనే ఎవ్వతో ఉన్నట్టున్నది. నిన్ను చూస్తె నాకు కుళ్లు, నన్ను చూస్తె నీకు కుళ్లు. మనం ఇద్దరం గిట్ల గుంజుకుంటుంటె నడుమల ఎవ్వతో వచ్చి కంచం ముందర కూసున్నది! నిన్ను ఓర్చుకున్ననంటె తాళి కట్టిండని ఓర్చుకున్న. గీమెను ఎందుకు ఓర్చుకోవాలె?

ఫికర్ చెయ్యకు. బుచ్చయ్యను ఎనకాల పెడ్తున్న. ఆటోను ఎవ్వడు అనుమానపడడు.

ఈ ఒక్కపారికి నీ పార్టీల చేరిన,
చిలకమ్మ

అమీర్‌పేట,
29 ఆగస్టు 2025

ధాత్రీ,

కూసొని చదువు. నీళ్లు పక్కన పెట్టుకో.

నిన్న ఆఫీసు ఇడిశినంక వాడు ఇంటి దిక్కు మలగలే. బుచ్చయ్య ఆటో గణపతి మండపం కాడ ఇరుక్కున్నది గని, వాని బండి కండ్లకెల్లి పోనియ్యలే. మెట్రో కింద మలిగి, మీ పంజగుట్టలనే ఒక బిల్డింగు ముందర బండి ఆపిండు. అటు ఇటు చూసిండట, దొంగ లెక్క. చూసి మెట్లెక్కిండు. బుచ్చయ్య పోయి బోర్డు చూసిండు. స్కానింగ్ సెంటర్!

మగోనికి స్కానింగ్ సెంటర్ల ఏం పని? నేను ఇద్దరు పిల్లల తల్లిని, నాకు తెల్వదా అక్కడికి ఎవ్వలు పోతరో? బుచ్చయ్య కింద నిలవడి చూసిండు, పెద్ద పెద్ద కడుపులతోని ఆడోళ్లు దిగుతున్నరట. వాళ్లల్ల ఒకామె ఎనకాల మనోడు దిగిండు. చేతుల పెద్ద కవరు. మొఖంల నెత్తురు లేదట. ఆమె ఆటో కోసం చూస్తుంటె వాడు సుత పక్కనే నిలవడ్డడట.

మీకు పిల్లలు లేకపోయిరి. ఆ ముచ్చట నేను ఎన్నడన్న ఎత్తిన్ననా? ఎత్తలే. కని గిట్ల చేస్తడనుకోలే. నేను పెంచిన పోరడు ధాత్రీ. నా పెంపకం గిట్లయిందని నిన్న పొయ్యి సుత ముట్టియ్యలే. హాస్టల్ పోరగాండ్లు ఒచ్చి ఒచ్చి పోయిన్రు.

నువ్వు అడుగు. నేను అడిగితె చెయ్యి లేస్తది.

చిలకమ్మ

పంజగుట్ట,
2 సెప్టెంబరు 2025

వదిన గారికి,

అడిగాను. మీ ఉత్తరం ఆయన ముందు పడేసి, ఎవరది అని అడిగాను.

ఆయన లేచి, బీరువా పైనుంచి ఆ పెద్ద కవరు తీసి బల్ల మీద పెట్టారు. లోపల నల్లటి ఫిలింలు. పైన పేరు ఆయనదే. ఆ పక్కన నిలబడ్డ ఆవిడెవరో ఆయనకి తెలీనే తెలీదు. స్కాన్ కడుపుదే వదిన గారూ, కానీ ఆయన కడుపుది.

నిన్న ఇద్దరం ఆసుపత్రికి వెళ్లాం. డాక్టర్ గారు తెర మీద పెట్టి చూపించారు. కుడి కిడ్నీ నెత్తిన టోపీలా చిన్న గ్రంథి ఉంటుందట, అడ్రినల్ అంటారు. అందులో బత్తాయికాయంత గడ్డ. ఆ గ్రంథి చేసే రసాన్నే ఈ గడ్డ కూడా అడ్డూ అదుపూ లేకుండా చేసి రక్తంలోకి వదులుతోందట. దాంతోనే ముఖం గుండ్రమైంది. బీపీ, షుగర్, కాళ్లు సన్నబడటం, అన్నీ దానివే. మీ మటనూ కాదు, నా జావా కాదు. మీరన్న మూడోది అదే.

క్యాన్సర్ అన్నారు. చాలా అరుదైనదట. డాక్టర్ గారు కూడా ఇన్నేళ్లలో ఇలాంటివాళ్లని ఒకరిద్దరిని మాత్రమే చూశారట.

ఇంకా ఉంది. కాళ్ల నుంచి పొట్ట నుంచి రక్తాన్ని గుండెకి తీసుకెళ్లే పెద్ద సిర ఒకటుంటుంది. ఆ గడ్డ పక్కనున్న చిన్న సిరలోంచి ఆ పెద్ద సిరలోకి దూరింది. గోడ పగుల్లోకి రావి వేరు పాకినట్టు, లోపల్లోపల పైకి పాకుతోంది. రక్తమంతా తెల్లగా మెరుస్తుంటే దాని మధ్యలో బూడిద రంగు నాలుకలా కనిపించింది. దాని కొస ఎక్కడ ఆగిందో ఈ స్కాన్‌లో స్పష్టంగా లేదు. అందుకే ఎమ్మారై చేస్తారు. గుండె దాకా వెళ్లకపోతే ఆపరేషన్‌కి దారి ఉందన్నారు.

ఒంట్లో ఏదో తేడా ఉందని ఆయనకి ముందే అనుమానమట. మీ ముందుకి రావటం ఎందుకు మానేశారంటే, "అక్క నా మొఖం చూస్తే ఒక్క చూపులో పట్టేస్తది" అన్నారు. నేను రోజూ చూస్తున్నా పట్టలేదు కదా మరి. ఆ మాట నాకు గుచ్చుకుంది, చెప్పకపోతే అబద్ధమవుతుంది.

సోమవారం ఎమ్మారై. లోపలికి ఒక్కరినే రానిస్తారు. నేనుంటాను.

ధాత్రి

అమీర్‌పేట,
4 సెప్టెంబరు 2025

ధాత్రికి,

బుచ్చయ్య చదివిండు. నేను ఇన్న. అంతల పప్పు మాడిపోయింది. మాడనీ.

నువ్వు అనుకుంటవ్, గీ టైముల సుత గీమె గిట్లనే రాస్తదని. రాస్త. రాయకుంటె నా గుండె పలుగుతది.

వాడు పుట్టినప్పుడు బొడ్డు కోసిన మంత్రసాని పక్కన దీపం పట్టుకొని నిలవడ్డదాన్ని నేను. వాని ఈపు మీద పుట్టుమచ్చ ఏడున్నదో, ఏ పన్ను ముందల ఊడిందో, ఏ కాలు ముందల మంచం దిగుతదో నాకు తెల్సు. పైన మొత్తం నాకు తెల్సు. ఇగ లోపల? నా తమ్ముని కిడ్నీ, నా తమ్ముని నెత్తురు, నా తమ్ముని గుండెకు పోయే తొవ్వ, అన్ని నువ్వు చూసొస్తివి. తెర మీద, డాక్టర్ పక్కన కుర్చీల కూసొని. నాకు ఉత్తరంల చెప్తవా, రావి వేరు లెక్కున్నదని?

ఆ రావి వేరు నేను చూడాలె. నీ కండ్లకన్న నా కండ్లు ఎక్కువ పట్టిచ్చుకుంటయి. వాడే అన్నడు గద.

సోమవారం నేను పోత లోపలికి. నువ్వు ఇంట్ల ఉండు.

చిలకమ్మ

పంజగుట్ట,
8 సెప్టెంబరు 2025

వదిన గారికి,

రాయకూడదనుకున్నాను. కానీ ఇది మీరు తెలుసుకోవాలి.

ఇవాళ నేను ఫైలు పట్టుకుని కౌంటర్ దగ్గరకి వెళ్లేసరికి అక్కడమ్మాయి నన్ను పైకీ కిందకీ చూసి, "మీరు చిన్నావిడా?" అంది. నాకు అర్థం కాలేదు. "పెద్ద భార్య గారు పొద్దున్నే వచ్చి పాస్ తీసుకున్నారు కదా, చిలకమ్మ గారు" అంది. వెనక వరసలో నిలబడ్డవాళ్లు ముసిముసిగా నవ్వారు. మీరెక్కడా అని చూస్తే, మీరు లిఫ్ట్ దగ్గర సెక్యూరిటీ అతన్ని కూడా నవ్విస్తున్నారు.

నవ్వండి. తర్వాత ఏం జరిగిందో మీరు చూడలేదు, నేను పాస్ అడగ్గానే అలిగి వెళ్లిపోయారు. ఎమ్మారైకి సంతకం పెట్టబోతే ఆ అమ్మాయి పైవాళ్లని అడిగింది. ఇద్దరు భార్యలని రాసి ఉంది, గొడవలొస్తాయి, అసలు భార్య ఎవరో కాగితం తెమ్మన్నారు. నేను ఇంటికెళ్లి పెళ్లి సర్టిఫికెట్ వెతికి తెచ్చేసరికి ఆయన టైము వేరేవాళ్లకి ఇచ్చేశారు. మళ్లీ ఎప్పుడో ఫోన్ చేస్తామన్నారు. ఈ గడ్డ తొందరగా పెరిగే రకమని, రోజులు పోనివ్వద్దని డాక్టర్ గారు నా ముందే అన్నారు వదిన గారూ.

ఆసుపత్రి గౌను వేసుకుని వరండాలో బల్ల మీద కూర్చుని ఉన్నారు ఆయన, చలికి చేతులు చంకల్లో పెట్టుకుని. "అక్క అంతే, ఏమనుకోకు" అన్నారు. మీరు ఆయన టైము పోగొట్టినా మీ వైపే మాట్లాడారు. నేను సర్టిఫికెట్ పట్టుకుని పరిగెత్తుకొచ్చినదాన్ని, నా వైపు ఒక్క మాట లేదు.

ఇక మీరు ఆసుపత్రికి రావద్దు.

ధాత్రి

అమీర్‌పేట,
10 సెప్టెంబరు 2025

మరదలు ధాత్రికి,

ఇయ్యాల పొద్దుగాల పోయిన. కొట్లాడనీకి కాదు. నా ఆధార్ కార్డు, వాని ఆధార్ కార్డు జిరాక్సు పట్టుకపోయిన. నాదాంట్ల పెండ్లయినంక మార్పియ్యలే, రెండిట్ల నాయిన పేరు ఒక్కటే. ఆ పిల్ల ముందర పెట్టి, "అమ్మా, నేను భార్యను కాదు, అక్కను. ఈ మనిషికి భార్య ఒక్కతే, ధాత్రి. నా నోరు మంచిది కాదు, రాసింది కొట్టెయ్యి" అన్న. ఎనకాల నిలవడ్డోళ్లు నవ్విన్రు. ఈపారి నన్ను చూసి. నవ్వనిచ్చిన.

ఆ పిల్ల కొట్టేసింది. స్కానింగ్ కాడ పెద్దసారు వచ్చిందాక కూసున్న. "సారూ, నా నవ్వులాట వల్ల నా తమ్ముని టైము పోయింది, ఏడన్న జర సందు చూడు" అని అడిగిన. శుక్రవారం పొద్దున ఒకాయన రాడట, అది మనకు రాయించిన. నీకు ఫోన్ చేసి చెప్తమన్నరు. నా ఫోనైతె నమ్మవు గని ఆసుపత్రోళ్లది నమ్ము.

నేను రాను. నువ్వే పో లోపలికి.

వాడు నా దిక్కు మాట్లాడిండని రాసినవ్ గద, ఆ లైను బుచ్చయ్యతోని మళ్ల చదివిచ్చుకున్న. సిగ్గు లేదు నాకు. సంబురమైంది.

చిలకమ్మ

పంజగుట్ట,
11 సెప్టెంబరు 2025

వదిన గారికి,

ఆసుపత్రి వాళ్లు ఫోన్ చేశారు. రేపు పొద్దున్నే.

ఈ కవర్లో ఇంకో కాగితం కూడా ఉంది. అటెండెంట్ పాస్. మీ పేరు మీద రాయించాను. "పేషెంటుకి అక్క" అని.

ఎందుకో చెప్తాను. మొదటి రోజు ఆసుపత్రిలో విన్నది మీకు సగమే రాశాను. ఆయన్ని బయట కూర్చోబెట్టి డాక్టర్ గారు నాతో వేరే మాట అన్నారు. ఆ కొస గుండె గదిలోకి వెళ్లి ఉంటే, ఆపరేషన్ చేసినా బల్ల మీదే పోవచ్చు, చాలామంది డాక్టర్లు చెయ్యరు కూడా అన్నారు. అది నేను ఎవరికీ చెప్పలేదు. ఇంటికొచ్చి ఆయన పక్కన పడుకుంటే, చొక్కా కింద, చర్మం కింద, ఆ బూడిద నాలుక నాకు కనబడుతోంది. కళ్లు మూసుకున్నా కనబడుతోంది. ఆయన నవ్వితే కూడా అది ఇప్పుడు ఎంత పైకి పాకిందా అనే చూస్తున్నాను.

నేను చూశానని మీకు కుళ్లు కదా. తీసుకోండి. రేపు మీరు చూడండి. నాకు ధైర్యం లేదు. కింద మెట్ల దగ్గర ఉంటాను.

ధాత్రి

ఆసుపత్రి, స్కానింగ్ గది ముందర,
12 సెప్టెంబరు 2025

ధాత్రీ,

మందుల సంచి చింపి రాస్తున్న. బుచ్చయ్య కిందికి తెస్తడు. ముందల ముఖ్యమైనది: గుండెల లేదు.

మళ్ల రాస్తున్న. గుండెల లేదు. కాలేయం ఎనకాల్నే ఆగింది. డాక్టర్ సారు ఏలుతోని చూపిచ్చిండు, ఇగో ఇదే కొస, ఇక్కడికెల్లి పైన నెత్తురు సాఫ్‌గ పోతున్నది అన్నడు. ఆపరేషన్ చెయ్యొచ్చు అన్నడు. గుండె డాక్టర్ను సుత పక్కన పెట్టుకుంటరట. పెద్ద ఆపరేషన్, గ్యారంటీ అడగొద్దమ్మా అన్నడు. తీసేసినంక సుత మందులు, మళ్ల మళ్ల స్కానింగులు ఉంటయట. ఊపిరితిత్తులు సుత చూస్తరట. అన్నీ ఇన్న, ఒక్కటి దాచిపెడ్తలేను.

సొరకాయ చక్రాలు తరిగినట్టు మనిషిని తరిగి చూపిస్తరు గద. ఒక్కొక్క చక్రం జరుపుతుంటె ఆ బూడిద మచ్చ ప్రతి చక్రంల ఉన్నది. ఇంకొకటి జరిపిండు, ఉన్నది. ఇంకొకటి, ఉన్నది. ఎప్పుడు పోతది, ఎప్పుడు పోతదని నేను కుర్చీ పట్టుకున్న. ఆ మచ్చ లేని చక్రం వచ్చెవరకు ఇడువలే. గిది నువ్వు ఒక్కదానివి కూసొని చూసినవా? చూసి ఇంటికొచ్చి జావ కాసినవా? నేను గిదాని కోసం ఏడ్చిన్నా, నాకు చూపియ్యలేదని!

వాని లోపల మొత్తం చూసిన ఇప్పుడు. నీకంటె ఎక్కువనే చూసిన, ఎమ్మారైల మస్తు సాఫ్‌గ కనవడ్తది. అయినా ఏం లాభం? మిషన్ల నుంచి బయటికొచ్చి, చెవులల్ల దూది తీసేసి, నన్ను చూసి, వాడు అన్న మొదటి మాట "ధాత్రి ఏది?"

కడుపుల మండింది మరదలా. అబద్ధం చెప్పను. గుండెల లేదు అన్న సంబురం ఒక పక్క, ఆ మంట ఒక పక్క, రెండూ ఉన్నయి.

ఇప్పుడు బెంచి మీద కూసున్నడు. గౌను ఇడిశి అంగీ ఏసుకునేటప్పుడు గుండీలు తప్పు వెట్టుకున్నడు. ఒక దిక్కు పైకి, ఒక దిక్కు కిందికి. నేను సవరిస్తనంటె, "ఉండనియ్యక్కా, ధాత్రి పెడ్తది" అన్నడు.

నేను ముట్టుకోలే. అట్లనే వంకర అంగీతోని కూసోవెట్టిన. జల్ది పైకి రా.

చిలకమ్మ